ఐదో నంబరు తాళం

2000వ సంవత్సరం, జనవరి 24. నార్వేలో లార్విక్ అనే ఊరికి దగ్గర్లో ఒక ఇంటికి పోలీసులు వచ్చారు. ఊరి స్టేషన్ వాళ్ళు కాదు. ఆర్థిక, పర్యావరణ నేరాల కోసం ఆ దేశం పెట్టుకున్న ఓకోక్రిమ్ అనే ప్రత్యేక విభాగం మనుషులు. కోట్ల కుంభకోణాల వెంట తిరిగే విభాగం అది. ఆ రోజు మాత్రం వచ్చింది పదహారేళ్ళ కుర్రాడి కోసం.

ఇంట్లో కంప్యూటర్లు తీసుకెళ్ళారు. సెల్‌ఫోన్ కూడా వదల్లేదు. కుర్రాణ్ణి కూర్చోబెట్టి గంటల తరబడి ప్రశ్నించారు. మొదట్లో తండ్రినీ కేసులోకి లాగారు. కొడుకు తన ప్రోగ్రామును పెట్టిన వెబ్‌సైటు ఆయన కంపెనీ పేరున ఉండటమే దానికి కారణం. చదువులోనూ, బయటి పనుల్లోనూ ప్రతిభ చూపిన విద్యార్థులకు ఆ దేశంలో ఇచ్చే కరోలినె బహుమతి ఆ కుర్రాడికి వచ్చిందీ అదే నెలలో. ఒకే జనవరిలో బహుమతి, పోలీసు కేసు రెండూ.

అతని పేరు యోన్ లెక్ యోహాన్సెన్. తర్వాత లోకమంతా 'డీవీడీ జాన్' అని పిలిచింది ఇతన్నే. అతని మీద మోపిన అభియోగాన్ని మామూలు మాటల్లో చెప్పాలంటే ఇంతే: డబ్బిచ్చి కొనుక్కున్న సినిమా డిస్కును తన కంప్యూటర్లో చూసుకోవడానికి అడ్డుగా ఉన్న తాళం తీశాడు, ఎలా తీయాలో నలుగురికీ చూపించాడు.

కేసు నార్వేది. తాళం మాత్రం మనది కూడా. మన పశ్చిమ ప్రకాశంలో, అంటే మార్కాపురంలో, గిద్దలూరులో, కంభంలో, పిల్లల్ని విదేశాలకు పంపిన చాలా ఇళ్ళ బీరువాల్లో ఆ తాళం వేసిన డిస్కులు ఇవాళ్టికీ ఉన్నాయి. అందుకే ఈ కథ మనకూ సంబంధించిందే.

డీవీడీలు 1996 నవంబరులో జపాన్‌లో, 1997 మార్చిలో అమెరికాలో అమ్మకానికి వచ్చాయి. అవి వస్తూనే ప్రపంచాన్ని ముక్కలు చేశాయి. అమెరికా, కెనడా ఒకటో నంబరు. ఐరోపా, జపాన్, గల్ఫ్ దేశాలు రెండు. సింగపూర్, మలేషియా, కొరియా వైపు మూడు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణ అమెరికా నాలుగు. చైనా ఆరు. ఏడోది వాడకుండా ఉంచుకున్నారు. విమానాలు, ఓడల కోసం ఎనిమిది. మనకు ఐదు. మనతో పాటు పాకిస్తాన్, బంగ్లాదేశ్, శ్రీలంక, రష్యా, మంగోలియా, ఆఫ్రికాలో ఎక్కువ భాగం కూడా ఐదే. డిస్కు పెట్టె వెనకాల చిన్న భూగోళం బొమ్మ, దాని మీద అంకె కనిపిస్తే అది ఇదే.

ఎందుకిలా చేశారు? హాలీవుడ్ సినిమా ముందు అమెరికా థియేటర్లలో ఆడేది. నెలలు గడిచాక గానీ మిగతా దేశాలకు వచ్చేది కాదు. ఇక్కడ థియేటర్లో పడకముందే అక్కడి డిస్కు ఇక్కడి ఇళ్ళకు చేరితే టికెట్లు తెగవని కంపెనీల భయం. ధరల సంగతీ ఉంది. ఒక దేశంలో చవగ్గా అమ్మిన డిస్కు, ఖరీదుగా అమ్మే దేశంలోకి పోకూడదు. వ్యాపారిగా ఆలోచిస్తే ఆ లెక్క అర్థమవుతుంది. వాళ్ళు ఆలోచించంది ఒక్కటే, దేశాలు మారే మనుషుల గురించి.

మన ప్రాంతాన్నే తీసుకోండి. వానలు లేక, బోర్లు ఎండి, తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ నిండి, వెలిగొండ ప్రాజెక్టు నీళ్ళ కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసిన నేల ఇది. చదువుకున్నవాడు చదువుకున్నట్టే ఊరు దాటాడు. పెద్దబ్బాయి న్యూజెర్సీలో, అల్లుడు సింగపూర్‌లో, తమ్ముడి కొడుకు కువైట్‌లో, మేనకోడలు మెల్‌బోర్న్‌లో, ముసలివాళ్ళు గిద్దలూరులో. ఒకటి, మూడు, రెండు, నాలుగు, ఐదు. ఒకే కుటుంబం ఐదు నంబర్ల కింద బతికింది. సంక్రాంతికి అందరూ ఒకే ఇంట్లో కూర్చున్నా, తెచ్చుకున్న డిస్కులు మాత్రం ఒకే పెట్టెలో ఆడవు.

ఇప్పుడు చెప్పబోయేది ఫలానా వాళ్ళ ఇల్లని అనుకోకండి. 2005 తర్వాత నాలుగైదేళ్ళ పాటు మన పశ్చిమ ప్రకాశంలో చాలా ఇళ్ళల్లో జరిగిన సంగతుల్ని కలిపి ఒక ఇల్లు చేసి చెబుతున్నాను.

గిద్దలూరు. రిటైరైన మాస్టారి ఇల్లు. ముందు గదిలో టేబుల్ మీద కంప్యూటర్, దాని మీద పూల గుడ్డ, కింద కరెంటు పోగానే కూత పెట్టే యూపీఎస్. అమెరికాలో ఉన్న కొడుకుతో మాట్లాడటానికి కొన్న కంప్యూటర్ అది. అందులో డీవీడీ డ్రైవు కూడా ఉంది. కొత్తలో మాస్టారు హైదరాబాదులో కొన్న ఒక ఐదో నంబరు డిస్కు పెట్టారు. ఏదో అడిగింది, ఓకే నొక్కారు, బొమ్మ పడింది. ఆ నొక్కుడుతో డ్రైవు తన నంబరు ఐదని రాసుకుంది. మార్చుకునే అవకాశాలు ఐదుంటే, అందులో ఒకటి అప్పుడే అయిపోయింది.

వేసవి సెలవులకు కొడుకు, కోడలు, మనవరాలు వచ్చారు. పిల్ల తన బొమ్మల సినిమా డిస్కులు సంచీలో పెట్టుకొచ్చింది. మధ్యాహ్నం ఎండకు బయటికి పోలేక, "తాతయ్యా, నా మూవీ పెట్టు" అంది. పెట్టారు. ఈ డిస్కు నంబరు వేరు, మారుస్తారా అని తెర మీద ప్రశ్న. ఆయన ఓకే అన్నారు. డ్రైవు ఒకటో నంబరుకు మారింది. మిగిలినవి మూడు. పిల్ల సినిమా చూసింది.

రెండు రోజుల తర్వాత కొడుకు తండ్రి డిస్కు ఒకటి పెట్టాడు. మళ్ళీ ఐదు. మిగిలినవి రెండు. మళ్ళీ పిల్ల సినిమా. మిగిలింది ఒకటి. వాళ్ళు వెళ్ళిపోయాక మాస్టారు ఒంటరిగా కూర్చుని తన డిస్కు పెట్టుకున్నారు. తెర మీద ప్రశ్న వచ్చింది. అలవాటు ప్రకారం ఓకే నొక్కారు. సున్నా.

మరుసటి వేసవికి మనవరాలు వచ్చి డిస్కు పెడితే, డ్రైవు కాసేపు గిరగిరా తిరిగి ఆగిపోయింది. ఈసారి ప్రశ్న కూడా లేదు.

మాస్టారు సీపీయూను ఆటోలో పెట్టుకుని కంప్యూటర్ షాపుకు తీసుకెళ్ళారు.

"అబ్బాయ్, విండోస్ పాడైనట్టుంది. మళ్ళీ ఎక్కించు, సరిపోతది."

షాపు కుర్రాడు చూశాడు. "విండోస్ ఎక్కించినా పోదు సార్. నంబరు ఉండేది హార్డ్ డిస్కులో కాదు, డ్రైవులోనే. ఐదు మార్పులూ అయిపోయినయ్."

"అయితే డ్రైవు కొత్తది కొనాల్నా?"

"అక్కర్లా సార్. ఒక ప్లేయర్ వేస్తా, ఆగండి."

కుర్రాడు చెప్పింది నిజం. మొదట్లో వచ్చిన డ్రైవులు నంబరును పట్టించుకునేవి కావు. ఆ పని సాఫ్ట్‌వేర్‌కు వదిలేసేవి. 2000 జనవరి నుంచి తయారయ్యే డ్రైవులన్నిట్లో తాళం డ్రైవు లోపలి చిప్పులోనే ఉండాలని నియమం పెట్టారు. వాడేవాడు ఐదుసార్లు మార్చుకోవచ్చు. ఐదోసారి ఏ నంబరు పెడితే అదే ఖాయం. కంప్యూటర్ ఫార్మాట్ చేసినా, వేరే కంప్యూటర్లో బిగించినా డ్రైవు ఆ నంబరు మర్చిపోదు. యోహాన్సెన్ ఇంటికి పోలీసులు వచ్చిన నెల, ఈ నియమం అమల్లోకి వచ్చిన నెల ఒకటే.

ఈ గొడవ చిన్న ఊళ్ళ వాళ్ళదే అనుకోవద్దు. 2009 మార్చిలో బ్రిటన్ ప్రధాని గోర్డన్ బ్రౌన్ అమెరికా వెళితే, అధ్యక్షుడు ఒబామా 25 గొప్ప అమెరికన్ సినిమాల డీవీడీలు కానుకగా ఇచ్చారు. అవి ఒకటో నంబరువనీ, బ్రిటన్‌లో రెండో నంబరు ప్లేయర్లలో ఆడవనీ ఆ దేశపు పత్రికలు రాశాయి.

నాకు ఈ విషయంలో కోపం తెప్పించేది ఒకటుంది. ఆ రోజుల్లో బస్టాండ్ల దగ్గర, సంతల్లో చవగ్గా అమ్మిన దొంగ డిస్కులకు ఏ నంబరూ లేదు. వాటిని ఎక్కడ పెట్టినా ఆడేవి. తాళం పడింది బిల్లు కట్టి కొన్నవాడికే. దొంగ సరుకు కొన్నవాడు హాయిగా చూశాడు. నిజాయితీగా కొన్న మాస్టారేమో సీపీయూను ఆటోలో వేసుకుని తిరిగారు.

మార్కాపురం వాళ్ళకు ఈ అన్యాయం ఇంకొకరు చెప్పక్కర్లేదు. మన గనుల్లోంచి తీసి, చెక్కి, చట్రం బిగించి పంపిన పలకలు దేశాలు దాటి పోయాయి. కొన్న పిల్లవాడు దాని మీద ఏ దేశంలో కూర్చుని రాసుకోవాలో మార్కాపురంలో ఎవరూ నిర్ణయించలేదు. అమ్మేశాక పలక అతనిది.

ఇప్పుడు తాళం ఎలా విప్పారో చూద్దాం. నిజానికి డిస్కు మీద ఉన్న నంబరుకు సొంతంగా ఏ బలమూ లేదు. అది ఏయే దేశాల్లో ఆడాలో చెప్పే ఎనిమిది చుక్కల గుర్తు మాత్రమే. దాని వెనక ఉన్న అసలు తాళం వేరు. సినిమాను గజిబిజి చేసి డిస్కు మీద రాస్తారు. సీఎస్ఎస్ అని దాని పేరు. గజిబిజిని సరిచేసే తాళంచెవులు ప్లేయర్లు తయారుచేసే కంపెనీలకు ఇస్తారు. డిస్కు మీద నాలుగు వందల దాకా గళ్ళు ఉంటాయి. ఒక్కో గడిలో ఒక్కో కంపెనీ చెవికి లొంగేలా డిస్కు చెవిని దాచి పెడతారు. ఇంకో జాగ్రత్త కూడా తీసుకున్నారు. ఆ గళ్ళుండే చోటు మనం కొనుక్కునే ఖాళీ డిస్కుల మీద రాయడానికి కుదరదు. చెవి కావాలంటే ఒప్పందం మీద సంతకం పెట్టాలి. సంతకం పెట్టాక దేశం నంబరును తప్పకుండా గౌరవించాలి. ఇలా ఒక తాళానికి ఇంకో తాళాన్ని ముడివేశారు.

1999 నాటికి విండోస్ వాడేవాళ్ళకు చెవి ఉన్న ప్లేయర్లు దొరికాయి. లినక్స్ వాడేవాళ్ళకు మార్కెట్లో ఒక్కటీ లేదు. లినక్స్ అంటే ఎవరికీ సొంతం కాకుండా, ప్రపంచమంతా కలిసి రాసుకునే ఆపరేటింగ్ సిస్టమ్. సొంత డబ్బుతో డిస్కు కొని, సొంత డబ్బుతో డ్రైవు కొని, రెండూ ఎదురుగా ఉన్నా చూడలేని పరిస్థితి.

అప్పుడు ముగ్గురు కలిశారు. ఒకరు జర్మనీ, ఒకరు నెదర్లాండ్స్, మూడోవాడు మన నార్వే కుర్రాడు. మొదటి ఇద్దరూ మారుపేర్ల వెనకే ఉండిపోయారు. మిగతా ప్లేయర్ల కంపెనీలన్నీ తమ చెవిని సాఫ్ట్‌వేర్ లోపల ఎక్కడో లోతుగా దాచుకున్నాయి. జింగ్ అనే ప్లేయర్ తయారుచేసినవాళ్ళు మాత్రం సరిగ్గా దాచలేదు. జర్మనీ మిత్రుడు దాన్ని విప్పి చెవిని బయటికి తీశాడు. యోహాన్సెన్ దాన్ని అందరూ వాడుకునేలా ఒక చిన్న ప్రోగ్రాముగా మలిచి, 1999 అక్టోబరులో బయటపెట్టాడు. డీసీఎస్ఎస్ అని దాని పేరు. అప్పటికి అతనికి పదహారేళ్ళు కూడా నిండలేదు. నిండింది నవంబరు 18న.

ఒక చెవి బయటపడింది, దాన్ని రద్దు చేస్తే సరిపోతుందని కంపెనీలు అనుకుని ఉండవచ్చు. ఆ వీలూ లేకుండా పోయింది. అదే సమయంలో ఫ్రాంక్ స్టీవెన్సన్ అనే మరో నార్వే వాసి మొత్తం తాళాన్నే గణితంతో పరీక్షించాడు. ఆనాటి అమెరికా ఎగుమతి నిబంధనల వల్ల తాళం పొడవు 40 బిట్లే పెట్టారు. దాని అల్లికలో లోపాల వల్ల నిజంగా ఉన్న బలం అంతకన్నా చాలా తక్కువని అతను తేల్చాడు. ఏ కంపెనీ చెవీ లేకుండానే మామూలు ఇంటి కంప్యూటర్ మీద డిస్కు చెవిని లెక్కగట్టి తీయవచ్చు. నిమిషం కూడా పట్టదు. అంటే తాళం పోయింది. ఇక మిగిలింది, తీసినవాణ్ణి శిక్షించడమే.

అమెరికాలో ముందు మొదలైంది. 2000 జనవరిలో ఎనిమిది హాలీవుడ్ స్టూడియోలు న్యూయార్క్‌లో దావా వేశాయి. ఎరిక్ కోర్లీ నడిపే '2600' అనే పత్రిక ఆ ప్రోగ్రామును తన సైటులో పెట్టినందుకు. జులైలో విచారణ జరిగితే నార్వే కుర్రాడు సముద్రం దాటి వెళ్ళి సాక్ష్యం చెప్పాడు. ఆగస్టు 17న జడ్జి లూయిస్ కాప్లాన్ స్టూడియోల పక్షాన తీర్పిచ్చారు. ప్రోగ్రామును పెట్టడమే కాదు, అది ఉన్న చోటికి దారి చూపించే లింకు పెట్టడం కూడా తప్పేనన్నారు. తాళం తీసే సాధనాన్నే నేరంగా చూసే 1998 నాటి డీఎంసీఏ చట్టం దానికి ఆధారం. 2001 నవంబరులో పైకోర్టు కూడా ఆ తీర్పునే సమర్థించింది.

జనం ఊరుకోలేదు. ప్రోగ్రామును టీషర్టుల మీద అచ్చు వేసుకుని తిరిగారు. పద్యంగా రాశారు. 2001లో ఫిల్ కార్మోడీ అనే గణితవేత్త 1401 అంకెల ప్రధాన సంఖ్యను కనిపెట్టాడు. ఆ సంఖ్యను కంప్యూటర్ భాషలోకి విప్పితే వచ్చేది ఆ ప్రోగ్రామే. ఒక సంఖ్యను నిషేధించగలరా అని అడిగినట్టు.

నార్వేలో మాత్రం అభియోగపత్రం వేయడానికే రెండేళ్ళు పట్టింది. 2002 జనవరిలో ఓకోక్రిమ్ దాన్ని దాఖలు చేసింది. పెట్టిన సెక్షన్ 145. ఒకరి ఉత్తరం చించి చదవడం, ఒకరి దగ్గర భద్రంగా ఉన్న సమాచారంలోకి అడ్డు పగలగొట్టుకుని చొరబడటం లాంటి నేరాలకు రాసిన సెక్షన్ అది. ఆ సెక్షన్ ఒక్క ప్రశ్న మీద నిలబడింది: చొరబడిన సమాచారం ఎవరిది?

2002 డిసెంబరు 9. ఓస్లో కోర్టు. బోనులో నిలబడే నాటికి కుర్రాడికి పంతొమ్మిదేళ్ళు. అతని తరఫున లాయరు హల్వోర్ మాన్స్‌హౌస్. ప్రభుత్వం తరఫున ఇంగెర్ మరీ సుందే. న్యాయపీఠం మీద జడ్జి ఇరేన్ సోగ్న్, పక్కన మరిద్దరు.

ప్రాసిక్యూషన్ వాదన చిన్నది కాదు. డిస్కు కొన్నంత మాత్రాన, తయారుచేసినవాళ్ళు ఒప్పుకోని పద్ధతిలో చూసే హక్కు రాదు. చెవి ఉన్న ప్లేయర్‌లోనే చూడాలి. ఈ ప్రోగ్రాము చేతికొస్తే ఎవరైనా కాపీలు తీసి పంచుకోవచ్చు. ఇంకో పదునైన ప్రశ్న కూడా వచ్చింది. లినక్స్ కోసమే అంటున్నావు, మరి నీ ప్రోగ్రాము ఆడేది విండోస్‌లో కదా?

దానికి అతని దగ్గర జవాబుంది. డీవీడీలో ఫైళ్ళు అమర్చే పద్ధతిని ఆనాటి లినక్స్ సరిగ్గా చదవలేకపోయేది. అందుకే మొదట విండోస్‌లో తాళం విప్పి పరీక్షించాల్సి వచ్చింది. తను డబ్బు పెట్టి కొన్న 'ది మ్యాట్రిక్స్', 'ది ఫిఫ్త్ ఎలిమెంట్' డిస్కులు ఆ కోర్టులో ప్రస్తావనకు వచ్చాయి.

90 రోజుల జైలు, అది కూడా నడవడికను బట్టి నిలిపివేసేది, కంప్యూటర్ జప్తు, కోర్టు ఖర్చులు. ప్రాసిక్యూటర్ అడిగింది ఇంత. పత్రికల్లో రోజూ వస్తున్న కేసు, ముద్ర పడితే కుర్రాడికి జీవితాంతం ఉండిపోయేది.

2003 జనవరి 7. తీర్పు వచ్చింది. ముగ్గురూ ఒకే మాట. నిర్దోషి.

తీర్పులోని అసలు విషయం ఇది. డిస్కును చట్టబద్ధంగా కొన్నవాడికి అందులో ఉన్నదాన్ని చూసే హక్కు ఉంది. తనకు హక్కున్నదాన్ని తాను చూడటం చొరబాటు కాదు. తయారీదారులు ఊహించని పద్ధతిలో చూసినా సరే. ఆ ప్రోగ్రామును అతను దొంగ కాపీలకు వాడాడని గానీ, ఆ ఉద్దేశంతో ఇతరులకు ఇచ్చాడని గానీ రుజువు కాలేదు.

ప్రాసిక్యూషన్ అప్పీలుకు వెళ్ళింది. 2003 డిసెంబరులో బోర్గార్టింగ్ అప్పీలు కోర్టులో కేసు మళ్ళీ మొదటి నుంచీ నడిచింది. అదే నెల 22న మళ్ళీ నిర్దోషి. 2004 జనవరి 5న ఓకోక్రిమ్ ఇక సుప్రీంకోర్టుకు వెళ్ళబోమని చెప్పింది. పోలీసులు ఇంటికి వచ్చిన నాటి నుంచి లెక్కేస్తే నాలుగేళ్ళకు పంతొమ్మిది రోజులు తక్కువ. ఒక కుర్రాడి పదహారు నుంచి ఇరవై దాకా ఆ కేసులోనే గడిచాయి. తర్వాత అతను అమెరికా వెళ్ళి, డబుల్ ట్విస్ట్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీకి సహవ్యవస్థాపకుడయ్యాడు.

ఇక గిద్దలూరు షాపు కుర్రాడు మాస్టారి కంప్యూటర్లో వేసిన ప్లేయర్ సంగతి. గుర్తుగా నారింజ రంగు కోను, రోడ్ల మీద పెట్టే లాంటిది. వీఎల్‌సీ. 1996లో పారిస్ దగ్గర ఎకోల్ సెంట్రల్ అనే ఇంజినీరింగ్ కాలేజీ విద్యార్థులు తమ హాస్టలు నెట్‌వర్కు మీద వీడియో పంపుకోవడానికి మొదలుపెట్టిన పని అది. 2001 ఫిబ్రవరి 1న దాన్ని అందరికీ ఉచితంగా, కోడ్‌తో సహా తెరిచేశారు. దానిలో లిబ్‌డీవీడీసీఎస్ఎస్ అనే భాగం ఒకటుంది. అది ఎవరి దగ్గరా దొంగిలించిన చెవిని వాడదు. డ్రైవు చెవి ఇవ్వనంటే, గజిబిజిగా ఉన్న సినిమా సమాచారాన్నే చూసి చెవిని లెక్కగట్టుకుంటుంది. డ్రైవు ఐదు దగ్గర బిగుసుకుపోయినా ఒకటో నంబరు డిస్కు ఆడేది ఇందువల్లే. కొన్ని కంపెనీల డ్రైవులు మాత్రం నంబరు కలవకపోతే సినిమా సమాచారాన్ని కూడా చదవనివ్వవు. అక్కడ వీఎల్‌సీకీ దారి లేదు.

టీవీ కింద పెట్టే ప్లేయర్‌తో పోలిస్తే కంప్యూటర్‌కు ఇంకో సౌకర్యం ఉంది. ఆ రోజుల్లో అమెరికా టీవీ పద్ధతి ఎన్‌టీఎస్‌సీ, సెకనుకు సుమారు 30 బొమ్మలు. మనది పాల్, 25. పాత టీవీలకు ఆ తేడా కూడా అడ్డయ్యేది. నంబరు కలిసినా బొమ్మ నలుపు తెలుపుగానో, దొర్లుకుంటూనో వచ్చేది. కంప్యూటర్ తెరకు ఆ బాధ లేదు, రెండింటినీ ఒకేలా చూపిస్తుంది. అందుకే అమెరికా డిస్కుకు మన ఇళ్ళల్లో కంప్యూటరే సరైన చోటు.

మన చట్టం ఏమంటుంది? చాలామంది అడిగే భయం ఇదే. 2012లో మన కాపీరైటు చట్టాన్ని సవరించి 65ఎ సెక్షన్ చేర్చారు. రక్షణ కోసం పెట్టిన సాంకేతిక అడ్డును, హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశంతో తప్పిస్తే రెండేళ్ళ దాకా జైలు, జరిమానా. ఆ 'ఉద్దేశంతో' అన్న మాట దగ్గర ఆగండి. అమెరికా చట్టంలో సాధనమే నేరం. మన చట్టంలో ఉద్దేశం నేరం. చట్టం స్పష్టంగా నిషేధించని పని కోసం చేస్తే ఆ సెక్షన్ అడ్డురాదని అదే సెక్షన్ రెండో భాగం చెబుతోంది. సొంతంగా కొన్న డిస్కును సొంత ఇంట్లో చూసుకోవడాన్ని కాపీరైటు చట్టం ఎక్కడా నిషేధించలేదు. నేను లాయర్ని కాదు, చట్టం పాఠం చదివి అర్థమైంది చెబుతున్నాను. ఓస్లో కోర్టు చెప్పిందీ, మన పార్లమెంటు రాసిందీ ఒకే వైపు చూస్తున్నాయి.

షాపుల వాళ్ళకు మాత్రం ఒక మాట. ఇంకొకరి కోసం తాళం తప్పించి పెట్టేవాడు, ఎవరికి చేశాడు, ఎందుకు చేశాడు అన్నది పేరు, చిరునామాతో సహా రాసి ఉంచుకోవాలని అదే సెక్షన్ చెబుతుంది. రిపేరు చీటీ పుస్తకంలో ఒక వరుస రాసుకుంటే సరిపోయే పని. కాపీలు తీసి అమ్మడం, నలుగురికి పంచడం వేరు. దానికి ఏ మినహాయింపూ లేదు, ఉండకూడదు కూడా. సినిమా తీసినవాడి కష్టం అందులో ఉంది.

ఇక మీ ఇంటి సంగతి. పిల్లలు తెచ్చిన డిస్కులు, బంధువులు కానుకగా ఇచ్చినవి బీరువాలో ఉంటే తీయండి. కొత్త ల్యాప్‌టాపుల్లో డీవీడీ డ్రైవు ఉండటం లేదు. విండోస్ 8 నుంచి డీవీడీ ఆడించే సౌకర్యాన్ని కూడా మైక్రోసాఫ్ట్ తీసేసింది. పాత కంప్యూటర్‌ను పాత సామాన్లవాడికి ఇచ్చే ముందు ఒక్కసారి ఆలోచించండి. డ్రైవు మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో హార్డ్‌వేర్, మళ్ళీ ప్రాపర్టీస్, డీవీడీ రీజియన్ అని వెళితే మీ డ్రైవు నంబరు ఎంతో, ఎన్ని మార్పులు మిగిలాయో కనిపిస్తుంది. మార్చమని అడిగితే ఓకే నొక్కకండి. ముందు వీఎల్‌సీని దాని సొంత సైటు నుంచి ఉచితంగా ఎక్కించి, డిస్కును అందులో పెట్టి చూడండి. మీ పెళ్ళి, గృహప్రవేశం డీవీడీలకు ఏ నంబరూ ఉండదు, కానీ ఆ రాసుకునే డిస్కులు ఏళ్ళు గడిచేకొద్దీ పాడవుతాయి. అవి మీ సొంతం కాబట్టి, డ్రైవు పనిచేస్తుండగానే వాటిని హార్డ్ డిస్కులోకి ఎక్కించి పెట్టుకోండి.